అన్నదమ్ములకి ఎక్కడ చెడింది: ఎదోము, ఇశ్రాయేలు పగ (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినబడుతోందా? సరే, మొదలుపెట్టేద్దాం.

ఎదోముకీ ఇశ్రాయేలుకీ పగ అనగానే చాలామంది అనే మాట ఒకటే, "ఓ, ఎర్ర పప్పు కూటి కోసం జ్యేష్ఠత్వం అమ్ముకున్న ఏశావు కథే కదా" అని. అవును, ఆ కథే. ఏశావు సంతానమే ఎదోము జనం, అతని తమ్ముడు యాకోబు సంతానమే ఇశ్రాయేలు జనం అని బైబిలు చెబుతుంది. ఆదికాండము 25వ అధ్యాయం. ఇస్సాకు, రిబ్కాలకి పెళ్ళయి ఇరవై ఏళ్ళు పిల్లల్లేరు, లేకలేక కడుపు పండితే కవలలు, వాళ్ళేమో కడుపులోనే కలబడ్డారు, ఆవిడ దేవుడికి మొర పెట్టుకుంటే నీ గర్భంలో రెండు జనాలున్నాయి, పెద్దవాడు చిన్నవాడికి దాసుడవుతాడు అని జవాబొచ్చింది. ముందు పుట్టినవాడు ఎర్రగా, ఒళ్ళంతా రోమాలతో ఉన్న ఏశావు. వాడి మడమ పట్టుకుని బయటికొచ్చినవాడు యాకోబు. పెద్దాడు వేటగాడు, తండ్రికి ముద్దు. చిన్నాడు గుడారాల దగ్గరే ఉండే రకం, తల్లి చాటు బిడ్డ. ఓ రోజు పెద్దాడు ఆకలితో నకనకలాడుతూ వచ్చి ఆ ఎర్రటిది కాస్త పెట్టరా అంటే, ముందు నీ జ్యేష్ఠత్వం నాకిస్తానని ఒట్టు పెట్టు అన్నాడు తమ్ముడు. ఆ తర్వాత, చూపు పోయిన ముసలి తండ్రి దగ్గరికి మేకపిల్లల తోళ్ళు చేతులకి చుట్టుకుని వెళ్ళి దీవెన కూడా కొట్టేశాడు.

మనం మామూలుగా ఇక్కడ ఆపేస్తాం. ఆపకుండా 33వ అధ్యాయం దాకా చదవండి. ఏళ్ళ తర్వాత యాకోబు పెళ్ళాం పిల్లల్తో తిరిగొస్తున్నాడు, అన్న 400 మందిని వేసుకుని ఎదురొస్తున్నాడని కబురొచ్చింది, ఇతనికి ఒకటే టెన్షన్, మందలు మందలుగా కానుకలు ముందు పంపించాడు, మనుషుల్ని రెండు గుంపులు చేశాడు, ఒకదాని మీద పడితే ఇంకోటైనా తప్పించుకుంటుందని. దగ్గరికొచ్చాక ఏడుసార్లు నేలకి సాగిలపడ్డాడు. ఏశావేమో పరిగెత్తుకొచ్చి కావలించుకుని మెడ మీద పడి ముద్దు పెట్టుకున్నాడు, ఇద్దరూ ఏడ్చారు. ఈ కానుకలన్నీ ఎందుకు తమ్ముడూ, నాకు కావలసినంత ఉంది అన్నాడు. నన్నడిగితే ఈ మొత్తం కథలో పెద్దమనిషి ఏశావే. 36వ అధ్యాయానికి వచ్చేసరికి ఇద్దరి పశువులూ పెరిగిపోయి ఒక్క నేల చాలక ఏశావు శేయీరు కొండలకి, అంటే ఎదోముకి, తరలిపోయాడని ఉంటుంది. కత్తులు దూసుకున్నట్టు లేదు. తండ్రిని కలిసే పాతిపెట్టారు కూడా.

మరి ఇంత మర్యాదగా విడిపోయిన అన్నదమ్ముల వారసుల మధ్య అంత కసి ఎలా వచ్చింది? ఓబద్యా అని ఒక ప్రవక్త పుస్తకం ఉంది, 21 వచనాలు, హీబ్రూ బైబిల్లో అన్నిటికంటే చిన్నది, అది దాదాపు మొత్తం ఎదోము మీద శాపనార్థాలే. యెషయా, యిర్మీయా, యెహెజ్కేలు, ఆమోసు, మలాకీ, అందరూ ఎక్కడో ఒకచోట ఎదోముని ఉతికి ఆరేశారు. పప్పు కూడు దీనికి చాలదు కదా.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఈ పగ దారుల దగ్గర, రాగి గనుల దగ్గర, ఒక ఓడరేవు దగ్గర పుట్టింది. ఆ పగతో వందల ఏళ్ళు బతికినవాళ్ళు, మన మధ్య ఇలా ఎందుకుంది అని తమకి తాము చెప్పుకున్న జవాబు కవలల కథ. మీలో చర్చికి వెళ్ళేవాళ్ళుంటారు, ఏశావు యాకోబు నిజంగా ఉన్నారా లేదా అనే చర్చలోకి నేను వెళ్ళను, అది మీ విశ్వాసం. ఆ కథ ఎప్పుడు, ఎవరి నోట, ఏ అవసరానికి ఈ రూపానికి వచ్చింది అన్నదే నా గొడవ.

ఒకసారి మ్యాపు ఊహించుకోండి. మృత సముద్రం దక్షిణపు కొస నుంచి ఎర్ర సముద్రం అకాబా దాకా పొడుగాటి లోయ, దాని పేరు అరాబా. లోయకి తూర్పున గోడలా లేచిన కొండలు, కొన్నిచోట్ల 1,500 మీటర్లు దాటతాయి, ఎర్రటి ఇసుకరాయి. పెట్రా ఫొటోలు చూశారుగా, ఆ రంగే. ఇప్పుడది జోర్డాన్ దేశం. అదీ ఎదోము, దానికి ఉత్తరాన జెరెదు వాగు, వాగు అవతల మోయాబు అనే ఇంకో చిన్న రాజ్యం, దానికీ ఉత్తరాన అమ్మోను. లోయకి పడమట నెగెవ్, వాన సరిగా పడని మేత భూములు, దానికి ఉత్తరాన యూదా కొండలు. యూదా అంటే ఇశ్రాయేలు జనం రెండు రాజ్యాలుగా చీలాక దక్షిణాన ఉన్న రాజ్యం, రాజధాని యెరూషలేము. అంటే యూదాకీ ఎదోముకీ మధ్య ఉన్నది నెగెవ్, అరాబా. ఎవరికీ పూర్తిగా చెందని, ఇద్దరికీ కావలసిన నేల.

ఎందుకు కావాలంటే అక్కడ రెండు దారులున్నాయి. ఒకటి రాజమార్గం, అకాబా దగ్గర మొదలై ఎదోము కొండల మీదుగా, మోయాబు, అమ్మోను మీదుగా డమాస్కస్ దాకా వెళ్తుంది. రెండోది అడ్డంగా పోయే దారి, అరేబియా నుంచి సాంబ్రాణి, బోళం మోసుకొచ్చే ఒంటెలు ఎదోము దాటి, అరాబా దిగి, బెయేర్షెబా లోయ గుండా గాజా రేవుకి చేరే దారి. అప్పట్లో గుళ్ళలో పొగ వెయ్యాలన్నా, శవానికి సుగంధం పూయాలన్నా ఆ సరుకు కావాలి. దారి ఎవరి చేతిలో ఉంటే సుంకం వాళ్ళది.

ఇప్పుడు సంఖ్యాకాండము 20వ అధ్యాయం తీయండి. ఈజిప్టు నుంచి ఇశ్రాయేలు జనాన్ని నడిపించుకొస్తున్న మోషే, ఎదోము సరిహద్దున ఉన్న కాదేషు నుంచి ఎదోము రాజుకి మనుషుల్ని పంపిస్తాడు. కబురు ఎలా మొదలైందో చూడండి, నీ సహోదరుడైన ఇశ్రాయేలు అడుగుతున్నాడు అని. మేం పడ్డ కష్టాలన్నీ నీకు తెలుసు, మీ పొలాల్లో దిగం, ద్రాక్షతోటల్లో అడుగుపెట్టం, బావుల్లో నీళ్ళు తాగం, రాజమార్గం మీదే నడుస్తాం, కుడికీ ఎడమకీ తిరగం. అవతల్నుంచి జవాబు, కాలు పెట్టావో కత్తితో ఎదురొస్తా. వీళ్ళు మళ్ళీ బేరం పెంచారు: మేం గానీ మా పశువులు గానీ నీళ్ళు తాగితే డబ్బు కట్టేస్తాం, ఊరికే నడిచి దాటనివ్వు, ఇంకేమీ అక్కర్లేదు. కుదరదన్నాడు, సైన్యంతో సరిహద్దు దగ్గర నిలబడ్డాడు. వీళ్ళు చుట్టూ తిరిగి పోయారు.

దీనికే ద్వితీయోపదేశకాండము రెండో అధ్యాయంలో ఇంకో వెర్షన్ ఉంది. అందులో దేవుడే మోషేతో, వాళ్ళు మీ సహోదరులు, వాళ్ళతో గొడవ పెట్టుకోకండి, ఆ కొండలు ఏశావుకిచ్చాను, ఒక్క అడుగు నేల కూడా మీకివ్వను, అన్నం నీళ్ళు డబ్బిచ్చి కొనుక్కోండి అంటాడు. ఇక్కడ ఎదోము వాళ్ళు భయపడతారు, దారివ్వలేదన్న ఫిర్యాదు ఉండదు. ఒకే ప్రయాణం, రెండు జ్ఞాపకాలు! ఇంకో సంగతేమిటంటే మోషే కాలం అని మామూలుగా లెక్కవేసే క్రీ.పూ. 13వ శతాబ్దంలో ఆ కొండల మీద సైన్యంతో సరిహద్దు కాసేంత రాజ్యం ఉన్నట్టు తవ్వకాల్లో తేలలేదు. అందుకే ఈ కథలో పెట్టుకున్న దారి తగాదా తర్వాతి కాలపు యూదా రాజులు, వర్తకులు రోజూ పడ్డ తగాదా అని నేననుకుంటాను.

అప్పుడక్కడ మనుషుల్లేరని మాత్రం అనుకోకండి. ఈజిప్టు కాగితాల్లో, అంటే పపైరస్ చుట్టల్లో, క్రీ.పూ. 1200 ప్రాంతంలో సరిహద్దు కోటలో పనిచేసే ఒక అధికారి పైవాళ్ళకి పంపిన రిపోర్టు ఉంది. ఎదోముకి చెందిన షాసు తెగల్ని కోట దాటించి లోపలికి పంపాం, పీతోము నీళ్ళ గుంటల దాకా వెళ్ళనిచ్చాం, వాళ్ళూ వాళ్ళ పశువులూ బతకడానికి అని. ఎదోము అన్న పేరు మనకి దొరికిన పాత రాతల్లో ఇది ముందు వరసలోది. షాసు అంటే గుడారాల్లో ఉంటూ మందలు తోలుకునే సంచార జనం. ఇంచుమించు అదే కాలంలో, క్రీ.పూ. 1208 ప్రాంతంలో, మెర్నెప్తా ఫరో చెక్కించిన రాతి శాసనంలో ఇశ్రాయేలు అనే పేరు మొదటిసారి కనబడుతుంది, వాళ్ళూ దేశంగా కాదు, ఒక జనంగా. అంటే చరిత్రలోకి ఇద్దరూ ఇంచుమించు జంటగానే అడుగుపెట్టారు, ఇద్దరికీ గొర్రెలూ మేకలూ, ఇద్దరికీ నీళ్ళ వెతుకులాట.

అంతకంటే ఆశ్చర్యం కలిగించేది ఒకటుంది, ఇక్కడ కాస్త ఆగుతాను. ఇశ్రాయేలు దేవుడు ఎక్కణ్ణుంచి వచ్చాడు? సీనాయి అంటారు. న్యాయాధిపతుల గ్రంథం 5వ అధ్యాయంలో దెబోరా పాట ఉంది, బైబిల్లో చాలా పాత కవిత్వాల్లో ఒకటి, అందులో యెహోవా శేయీరు నుంచి బయల్దేరాడు, ఎదోము పొలాల మీదుగా నడిచాడు అని ఉంది. మోషే దీవెన ద్వితీయోపదేశకాండము 33లో శేయీరు నుంచి ఉదయించాడు అంటుంది. హబక్కూకు అనే ప్రవక్త తేమాను నుంచి వచ్చాడంటాడు, తేమాను కూడా ఎదోములోదే. 1975, 76ల్లో సీనాయి ఎడారిలో కుంతిల్లెత్ అజ్రుద్ అనే చోట జెయేవ్ మెషెల్ తవ్వితే క్రీ.పూ. 800 ప్రాంతపు పెద్ద జాడీలు బయటపడ్డాయి, వాటి మీద సిరాతో తేమాను యెహోవా పేరిట దీవెనలు రాసి ఉన్నాయి. ప్రవక్తలు మోయాబుని తిట్టినప్పుడు కెమోషు దేవుణ్ణి లాగుతారు, అమ్మోనుని తిట్టినప్పుడు మిల్కోముని లాగుతారు. ఎదోముకీ కోస్ అనే దేవుడున్నాడు, వాళ్ళ రాజుల పేర్లలోనే కోస్ ఉంటాడు, అయినా ఒక్క ప్రవక్త కూడా ఆ పేరెత్తి తిట్టడు. ఎందుకని? దీనికి రకరకాల సమాధానాలు చెబుతారు, నాకు సబబుగా తోచింది ఏమిటంటే మతం విషయంలో వీళ్ళిద్దరూ మొదట్లో మరీ దగ్గరివాళ్ళు, పరాయి దేవుడు అని వేలు చూపించడానికి నోరు రాలేదు. ద్వితీయోపదేశకాండము 23లో చట్టమే ఉంది, అమ్మోనీయుడూ మోయాబీయుడూ పదో తరం దాకా సమాజంలోకి రాకూడదు, ఎదోమీయుణ్ణి మాత్రం అసహ్యించుకోకు, వాడు నీ సహోదరుడు, మూడో తరం నుంచి రావచ్చు అని.

ఇక డబ్బు దగ్గరికొద్దాం. అరాబా లోయ తూర్పు అంచున ఫైనాన్ అని ఒక ప్రాంతం, అక్కడ ఖిర్బత్ అన్నహాస్ అనే చోటుంది. నేల మీద నల్లటి చిట్టెం గుట్టలు గుట్టలుగా పడి ఉంటుంది, రాగిని కరిగించాక మిగిలిన చెత్త. ఒక్కోచోట ఆ చిట్టెం పొరలు ఆరు మీటర్ల లోతు దాకా ఉన్నాయి. ఒక్కో వైపు 73 మీటర్లుండే చదరపు కోట గోడలు, చుట్టూ వందకి పైగా కట్టడాల ఆనవాళ్ళు. 2002 నుంచి అమెరికన్ పురావస్తు శాస్త్రవేత్త థామస్ లెవీ, జోర్డాన్‌కి చెందిన మొహమ్మద్ నజ్జార్ అక్కడ తవ్వి, బొగ్గు ముక్కల్ని వయసు తేల్చే కార్బన్ పరీక్షకి పంపిస్తే క్రీ.పూ. 10వ, 9వ శతాబ్దాల్లో అక్కడ ఫ్యాక్టరీ స్థాయిలో పని జరిగిందని తేలింది. అంతకు ముందు అందరూ ఏమనుకునేవారంటే, క్రిస్టల్ బెనెట్ అనే బ్రిటిష్ ఆవిడ 1970ల్లో బుసైరా, అంటే బైబిల్లో బొస్రా, తవ్వినప్పుడు బయటపడ్డ ఊరు క్రీ.పూ. 8వ, 7వ శతాబ్దాలది కాబట్టి ఎదోము రాజ్యం పుట్టిందే అప్పుడు, అంతకు ముందే ఇశ్రాయేలు రాజు దావీదు ఎదోముని గెలిచాడన్నది ఉత్త కథ అని. ఈ రాగి లెక్కలొచ్చాక పండితులు రెండు పార్టీలయ్యారు. రాజులూ నగరాలూ లేకపోయినా గుడారాల్లో ఉండే తెగలే బలమైన రాజ్యం నడిపి ఉండొచ్చని అరాబాలోనే ఉన్న తిమ్నా రాగి గనుల్లో తవ్విన ఎరెజ్ బెన్‌యోసెఫ్ అంటాడు. అబ్బే, గనులుంటే రాజ్యమున్నట్టేనా అని ఇజ్రాయెల్ ఫింకెల్‌స్టీన్ ఒప్పుకోడు. రాజ్యమా తెగల కూటమా అన్నది వాళ్ళు తేల్చుకోనీండి, నాకు కావలసింది ఒక్కటే. యెరూషలేములో రాజులు తలెత్తే కాలానికి పక్క లోయలో రాగి ధారలా పారుతోంది. రాగి అంటే అప్పట్లో ఆయుధం, పనిముట్టు, డబ్బు. పొరుగువాడికి కన్ను పడకుండా ఉంటుందా?

పడింది. ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు ఎదోముతో యుద్ధం చేశాడని ఒక ముక్కలో ఉంది. తర్వాత దావీదు. ఉప్పు లోయలో 18,000 మందిని చంపారని సమూయేలు గ్రంథం దావీదు పేరున రాస్తుంది, దినవృత్తాంతాలు అనే ఇంకో గ్రంథం అదే సంఖ్య అతని సేనాని అబీషై పేరున రాస్తుంది, 60వ కీర్తన పైన ఉన్న మాటలేమో ఇంకో సేనాని యోవాబు 12,000 మందిని చంపాడంటాయి. క్రెడిట్ ఎవరిదో తేలలేదు పాపం. ఎదోము అంతటా దావీదు దండుల్ని కాపలా పెట్టాడు. మొదటి రాజుల గ్రంథం 11లో దీని చీకటి కోణం ఉంది. యోవాబు ఆరు నెలలు అక్కడే కూర్చుని దొరికిన మగాణ్ణల్లా నరికించాడట. సంఖ్య ఎంతైనా కానీండి, ఎవరి పగకైనా పుట్టినరోజు అంటూ ఉంటే ఎదోము వైపు నుంచి అది ఇదే అనిపిస్తుంది.

అందులో ఒక చిన్న పిల్లాడు తప్పించుకున్నాడు, రాజవంశానికి చెందిన హదదు. నాన్న కొలువులో పనిచేసిన కొందరు వాణ్ణి మిద్యాను, పారాను మీదుగా ఈజిప్టుకి చేర్చారు. ఫరో ఇల్లిచ్చాడు, భూమిచ్చాడు, సొంత మరదల్నిచ్చి పెళ్ళి చేశాడు, వాళ్ళకి పుట్టిన కొడుకు ఫరో పిల్లలతోనే పెరిగాడు. దావీదు చనిపోయాడు, యోవాబు కూడా చచ్చాడు అని వినగానే హదదు వెళ్ళి నన్ను మా దేశానికి పంపించెయ్యండి అన్నాడు. ఫరో బాధపడ్డాడు, నా దగ్గర నీకేం తక్కువైందయ్యా? ఏమీ తక్కువ కాలేదు, అయినా పంపించండి. అంతే సంభాషణ. దావీదు కొడుకు సొలొమోనుకి తలనొప్పిగా తయారైన శత్రువుల్లో మొదటి పేరు ఇతనిదే. గమనించారా, ఇది ఇశ్రాయేలు వాళ్ళు రాసుకున్న పుస్తకం, తమ వాళ్ళు చేసిన ఊచకోత, అవతలి పిల్లాడి కసి, రెండూ వాళ్ళే రాసిపెట్టారు.

సొలొమోను ఎర్ర సముద్రం ఒడ్డున ఏలతు దగ్గర ఎసోన్గెబెరులో ఓడలు కట్టించాడు. అది ఎక్కడుంది అని చెప్పేటప్పుడు గ్రంథమే ఎదోము దేశంలో అంటుంది. తర్వాత వందేళ్ళలో యూదా రాజు యెహోరాము కాలంలో, క్రీ.పూ. 845 ప్రాంతం అనుకోండి, ఎదోము తిరగబడి సొంత రాజుని పెట్టుకుంది. యెహోరాము రథాలతో వెళ్ళి చిక్కుకుపోయి రాత్రికి రాత్రి బయటపడ్డాడు, సైన్యం ఇంటికి పారిపోయింది. ఆ తర్వాత ఇంకో యూదా రాజు అమజ్యా వచ్చి మళ్ళీ ఉప్పు లోయలో 10,000 మందిని చంపి సెల అనే కొండకోట పట్టుకున్నాడు. ఇంకో 10,000 మందిని బతికుండగానే కొండ మీంచి తోయించాడని దినవృత్తాంతాలు అదనంగా చెబుతుంది. వాళ్ళబ్బాయి ఏలతుని తిరిగి కట్టుకున్నాడు, అమజ్యా మనవడి కొడుకు ఆహాజు కాలంలో అది మళ్ళీ చేజారింది, ఇక తిరిగి రాలేదు. ఒక్క రేవు కోసం తరాల తరబడి ఇంత!

ఇప్పుడు కళ్ళు కనబడని ఇస్సాకు దగ్గరికి వెనక్కి వెళ్దాం. ఏశావు ఏడుస్తూ నాకేమీ మిగల్లేదా నాన్నా అంటే ఆయన ఇచ్చింది ఏమిటి? నీ కత్తితో బతుకుతావు, నీ తమ్ముడికి దాసుడివవుతావు, అయితే ఒక రోజు వాడి కాడి నీ మెడ మీంచి విరిచేస్తావు. దావీదు కాడి వేశాడు, యెహోరాము కాలంలో ఎదోము విరిచేసింది. ఈ మాటలు ఆ తిరుగుబాటు తెలిసినవాళ్ళ నోట రూపు కట్టాయని చాలామంది పండితులు అనేది అందుకే. పెద్దవాడు చిన్నవాడికి దాసుడవుతాడు అన్నదీ అంతే. ఎదోముకే ముందు రాజులున్నారని, ఇశ్రాయేలులో రాజు పుట్టకముందే అక్కడ ఎనిమిది మంది ఏలారని ఆదికాండము 36 పేర్లతో సహా ఒప్పుకుంటుంది. అందుకే కథలో ఎదోము అన్న, ఇశ్రాయేలు తమ్ముడు. మన ఊళ్ళలో దాయాదుల తగాదాలో పెద్దకొడుకు వాటా ఎందుకు తక్కువైందో చిన్నకొడుకు వంశం ఓ కథ చెబుతుంది చూడండి, ఇదీ అదే తరహా. కాకపోతే ఆ చిన్నకొడుకు వంశం తన తాతని మోసగాడిగా చూపించడానికి వెనకాడలేదు, అది నాకు నచ్చుతుంది.

అస్సీరియా కాలం గబగబా దాటేద్దాం. అప్పుడు యూదా, ఎదోము ఇద్దరూ ఆ పెద్ద సామ్రాజ్యానికే కప్పం కట్టారు. క్రీ.పూ. 673 ప్రాంతంలో అస్సీరియా రాజు ఎసర్‌హద్దోను నీనెవెలో కడుతున్న భవనానికి దూలాలూ రాళ్ళూ మోయించిన 22 మంది రాజుల జాబితా ఉంది, అందులో యూదా రాజు మనష్షే పక్కనే ఎదోము రాజు కోస్‌గబర్ పేరు కనబడుతుంది. ఈ కోస్‌గబర్ ముద్ర పడిన మట్టి బిళ్ళ పెట్రా మీది ఉమ్ అల్‌బియారా కొండ మీద బెనెట్‌కే దొరికింది. అస్సీరియా నీడలో వ్యాపారం బాగా సాగింది, ఎదోము కొండల నుంచి నెగెవ్‌లోకి జరుగుతూ వచ్చింది. నెగెవ్‌లో అరాదు దగ్గర హోర్వత్ కిత్మిత్ అనే చోట ఇట్జాక్ బెయిట్ అరియే తవ్వితే యూదా సరిహద్దు లోపలే ఎదోము తరహా గుడి బయటపడింది, మూడు కొమ్ములున్న దేవత తల బొమ్మతో సహా. కొట్టుకుని వచ్చారా, సరుకు అమ్ముకుంటూ వచ్చి స్థిరపడ్డారా? నాకైతే రెండోదే ఎక్కువ అనిపిస్తుంది.

కానీ యూదా కోటల్లో కూర్చున్న సైనికులకి అలా అనిపించలేదు. 1960ల్లో యోహనాన్ అహరోనీ అరాదు కోట తవ్వినప్పుడు కుండ పెంకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలు దొరికాయి, క్రీ.పూ. 600 ప్రాంతానివి, చాలావరకు ఎల్యాషీబు అనే కోట అధికారి పేరున వచ్చినవి. ఎక్కువ భాగం ఫలానావాళ్ళకి ఇంత ద్రాక్షారసం, ఇంత పిండి, ఇంత నూనె ఇచ్చి పంపు అనే స్టోరు చీటీలు. 24వ నంబరు పెంకు మాత్రం వేరు. అరాదు నుంచీ కీనా నుంచీ మనుషుల్ని రామత్ నెగెవ్‌కి పంపించు, వాళ్ళని మల్కీయాహు తీసుకెళ్ళి ఎలీషాకి అప్పజెప్పాలి, ఇది రాజాజ్ఞ, నీ ప్రాణాల మీది మాట, ఈ రోజే హెచ్చరిస్తున్నాను, ఆలస్యమైతే ఎదోము అక్కడికి వచ్చేస్తుంది. ప్రవక్తల కవిత్వం ఒకెత్తు, ఈ పెంకు ఒకెత్తు. ఇది రాసినవాడికి ఏశావు కథతో పని లేదు, సాయంత్రానికి మనుషులు చేరాలి.

తర్వాత క్రీ.పూ. 586. బబులోను రాజు నెబుకద్నెజరు సైన్యం యెరూషలేముని తగలబెట్టింది. ఈ సంవత్సరంతోనే పాత సరిహద్దు తగాదా కాస్తా తీరని పగ అయింది. 137వ కీర్తన బబులోను నదుల ఒడ్డున కూర్చుని ఏడ్చాం అని మొదలవుతుంది, అందరికీ ఆ భాగం తెలుసు, చివర్లో యెరూషలేము పతనమైన రోజున ఎదోము పిల్లలు ఏమన్నారో గుర్తుపెట్టుకో దేవా, పునాదుల దాకా కూల్చండి కూల్చండి అన్నారు అని ఉంటుంది. ఓబద్యా ఇంకా వివరంగా చెబుతాడు: పరాయివాళ్ళు నీ తమ్ముడి గుమ్మంలో చీట్లు వేసుకుంటుంటే నువ్వు పక్కన నిలబడి చూశావు, వాడి ఆస్తి దోచుకున్నావు, నాలుగు దారుల కూడలిలో కాపు కాసి పారిపోయేవాళ్ళని పట్టిచ్చావు. ఆ కోపం చాలావరకు ఆ నిలబడి చూడటం మీదే. కాలక్రమంలో ఫిర్యాదు పెరిగింది, చాలా తర్వాత రాసిన ఒక పుస్తకంలో దేవాలయాన్ని తగలబెట్టిందే ఎదోమీయులు అనేదాకా వచ్చింది. రెండవ రాజుల గ్రంథం 25వ అధ్యాయం చదవండి, తగలబెట్టింది బబులోను అధికారి నెబూజరదాను, ఎదోము పేరే లేదు అక్కడ.

ఇంకా విచిత్రం, యిర్మీయా గ్రంథంలో రెండు చోట్ల కథ అడ్డం తిరుగుతుంది. 27వ అధ్యాయంలో, పతనానికి కొన్నేళ్ళ ముందు, బబులోను మీద కలిసి తిరగబడదామని ఎదోము రాయబారులు యెరూషలేములో యూదా రాజు సిద్కియా దగ్గర కూర్చున్నారు. 40వ అధ్యాయంలో, పతనం అయ్యాక, మోయాబులో, అమ్మోనులో, ఎదోములో తలదాచుకున్న యూదులు బబులోను వాళ్ళు పెట్టిన గెదల్యా అధిపతి అయ్యాడని విని తిరిగొచ్చారు. తలదాచుకున్నారు, విన్నారుగా! కూడలిలో పట్టిచ్చిన ఎదోమీయులూ ఉండొచ్చు, ఇంట్లో అన్నం పెట్టినవాళ్ళూ ఉన్నారు. మొదటివాళ్ళు కీర్తనలోకి ఎక్కారు, రెండోవాళ్ళకి దక్కింది ఒక్క వాక్యం. కలిసి తిరగబడదామన్నవాడు సమయానికి తప్పుకుని, ఖాళీ అయిన దక్షిణ యూదాలో పొలాలు దున్నుకుంటుంటే మండదా మరి. బబులోను ఎంత చేసినా వాడు పరాయివాడు.

ఎదోముకీ ఎంతో కాలం మిగల్లేదు. క్రీ.పూ. 553 ప్రాంతంలో బబులోను రాజు నబోనిదస్ అటే దండెత్తాడు, సెల కొండ నిలువు రాతి మీద ఆయన బొమ్మ, శాసనం ఇప్పటికీ ఉన్నాయి. మెల్లగా ఆ కొండలు నబాతీయులనే అరబ్బు జనం చేతికొచ్చాయి, ఎదోమీయులు దక్షిణ యూదాలో హెబ్రోను, మారేషా వైపు స్థిరపడ్డారు. ఆ ప్రాంతానికి ఇదూమియా అని పేరొచ్చింది. క్రీ.పూ. నాలుగో శతాబ్దపు కుండ పెంకు రసీదులు అక్కడ వందల్లో దొరికాయి, కోస్ పేరున్నవాళ్ళూ, యూదు పేర్లవాళ్ళూ, అరబ్బు పేర్లవాళ్ళూ ఒకే చోట గోధుమలూ బార్లీ లెక్క చూసుకుంటున్నారు. మలాకీ అయితే యాకోబుని ప్రేమించాను, ఏశావుని ద్వేషించాను అని దేవుడి నోట పలికించాడు, కింద మనుషులు మాత్రం ధాన్యం కొలుచుకుంటూ పోయారు.

(సభలో ఒకరు: ఇప్పుడు ఎదోమీయులు ఉన్నారా సార్?)

మంచి ప్రశ్న, దాంతోనే ముగిస్తాను. పేరుతో లేరు. క్రీ.పూ. రెండో శతాబ్దం చివర యూదా పాలకుడు జాన్ హిర్కానస్ ఇదూమియాని గెలిచి, సున్నతి చేయించుకుని మా ధర్మం పాటిస్తే ఉండండి, లేకపోతే ఊరు వదలండి అన్నాడని యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. వాళ్ళు ఉండిపోయారు, యూదులయ్యారు. వాళ్ళలోంచి వచ్చినవాడే హేరోదు, యేసు పుట్టినప్పటి రాజు. క్రీ.పూ. 40లో రోమ్ సెనేట్ ఆయన్ని యూదులకి రాజు అని ప్రకటించింది, పోటీదారు ఆంటిగోనస్ ఆయన్ని సగం యూదుడు అని ఎగతాళి చేశాడు. ఆ సగం యూదుడే యెరూషలేము దేవాలయాన్ని మళ్ళీ అంత ఘనంగా కట్టించాడు. ఆయన బావ ఒకడున్నాడు, కోస్తోబార్, పూర్వం కోస్ పూజారుల వంశం. ఇదూమియాకి గవర్నరుగా పెడితే, మనవాళ్ళు యూదు ఆచారాలు పాటించడమేమిటి అని ఈజిప్టు రాణి క్లియోపాత్రాతో మంతనాలు మొదలుపెట్టాడు, చివరికి హేరోదే చంపించాడు. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేముని పడగొట్టాక ఇదూమియా జనం విడి జాతిగా చరిత్రలో కనబడరు, మిగిలిన యూదుల్లోనూ చుట్టుపక్కల జనంలోనూ కలిసిపోయారు. పేరు మాత్రం పోలేదు. దేవాలయం పోగొట్టుకున్న రబ్బీలు, అంటే యూదు మతగురువులు, రోముని ఎదోము అని పిలవడం మొదలుపెట్టారు, రోమ్ క్రైస్తవం పుచ్చుకున్నాక క్రైస్తవ రాజ్యాలకీ అదే పేరు పెట్టారు. అప్పటికి ఆ ఎర్ర కొండల్లో ఎదోము రాజ్యం పోయి వందల ఏళ్ళయింది.

ఇంకెవరైనా అడగాలంటే మైకు అటు పంపిస్తాను.